పై గీతకి ఒక నూలు కింద

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుగారి టై మీద గేర్‌బాక్సు ఆయిలు పడిందని ఆ రోజు రేవంతా చెప్పుకున్నారు. అది నిజం కాదు. పడలేదు. తుడిచారు.

జరిగింది ఇంతే. ఇన్‌స్పెక్టరుగారు పడవలో ఇంజను గది మూత దగ్గర ఒక పక్కనుంచి వంగి లోపలికి చూస్తున్నారు. లోపల నిలబడ్డ ఇంజను మనిషి, ఆయిలు బాబాయి, గేర్‌బాక్సులోంచి ఆయిలు మట్టం చూసే కొలత పుల్ల బయటికి లాగాడు. లాగిన పుల్లని తుడవాలి. తుడవడానికి గుడ్డ కావాలి. సరిగ్గా చేతికందే ఎత్తులో ముదురు నీలం గుడ్డ ఒకటి వేలాడుతోంది. బాబాయి దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, పుల్లని పైనుంచి కిందిదాకా శ్రద్ధగా తుడిచి, మళ్లీ ముంచి, తీసి, వెలుతురుకి పెట్టి, "బాగుంది సార్, మీరూ ఒకసారి చూడండి" అన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు ముందు పుల్ల చూశారు. తర్వాత టై చూసుకున్నారు. ఆయిలు మట్టం సరిగ్గా ఉందని పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయారు. టై గురించి రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు.

ఆయిలు బాబాయికి ఉన్న జబ్బు అదొక్కటే. ప్రపంచంలో ఏ మట్టాన్నీ ఆయన మొదటిసారి చూసి నమ్మడు. తుడవాలి, మళ్లీ ముంచాలి, మళ్లీ చూడాలి. తాను చూశాక ఇంకొకరికి చూపించాలి. తుడవడానికి మాత్రం సొంత గుడ్డ ఉంచుకోడు. ఏది దగ్గరుంటే అది. ఆయన చొక్కాలన్నిటికీ కింది అంచున ఆయిలు చారలుండేవి. ఆ చారలు బట్టతోపాటు నేసినవేననుకుని, అలాంటి బట్టే కావాలని ఒకాయన కొట్టువాణ్ణి అడిగాడట కూడా.

ఇంట్లోనూ అంతే. కూరలో గరిటె పెట్టి తీసి, తుడిచి, మళ్లీ పెట్టి, "ఇద్దరికి సరిపోతుంది, ముగ్గురొస్తే కష్టం" అనేవాడు. ఒకసారి జ్వరమొస్తే డాక్టరు థర్మామీటరు నోట్లో పెట్టి, తీసి చూడబోయాడు. బాబాయి దాన్ని ఆయన చేతిలోంచి మర్యాదగా తీసుకుని, ఆయన తెల్లకోటుకే తుడిచి, మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. "మొదటిసారి చూసింది లెక్కలోకి రాదు డాక్టరుగారూ" అన్నాడు, ఆ గాజు గొట్టం పళ్ల మధ్య ఉండగానే. రెండోసారి ఒక డిగ్రీ తగ్గిందని డాక్టరు తర్వాత అందరికీ చెప్పుకున్నాడు.

ఇలాంటి మనిషిని చూసి ఎవరికైనా నవ్వొస్తుంది. ఒకే ఒక్కడికి మాత్రం కడుపు మండేది. ఆయన ఆ పడవకి సరంగు.

సరంగూ బాబాయీ తోడల్లుళ్లు. అక్కని సరంగు చేసుకున్నాడు, చెల్లెల్ని బాబాయి. పడవ ఒకటే: ఈ రేవు నుంచి ఆ రేవుకి రోజుకి తొమ్మిదిసార్లు జనాన్ని దాటించే పాత పడవ. పధ్నాలుగేళ్లుగా పైన చుక్కాని సరంగు చేతిలో, కింద ఇంజను బాబాయి చేతిలో. సరంగు తెల్లకోటు, తెల్లటోపీ, నిటారు నడక. ఈ పధ్నాలుగేళ్లలో పడవని ఎక్కడా తగలనివ్వలేదు. గాలివాన వచ్చినా, నీళ్ల మీద మంచు పరదా కట్టినా, రేవు మెట్టుకి పువ్వు ఆనించినట్టు ఆనించేవాడు. అయినా ఆయన్ని ఎవరూ ఏ ముద్దుపేరుతోనూ పిలవలేదు. సరంగు గారు అనేవారు, బిళ్ల మీద అలా రాసుంది కాబట్టి. కింద గోతిలో మసి కొట్టుకున్న మనిషిని మాత్రం ఊరూవాడా బాబాయీ అని పిలిచేది.

ఒకరోజు సరంగు లెక్కపెట్టాడు. పొద్దున్నే ఎనిమిది గంటల పడవకి ఎక్కినవాళ్లలో నలభై ఒక్కమంది ఇంజను గది మూత మీదికి వంగి బాబాయిని పలకరించారు. సరంగుని పలకరించినవాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఇద్దరు అడిగింది, "బాబాయి కనబడడేం?" అని. మూడో మనిషి పొరపాటున పలకరించాడు, ఇంకెవరో అనుకుని.

బేకరీ ఆవిడ రోజూ మూత పక్క బెంచీ మీదే కూర్చుని స్వెటరు అల్లుకుంటూ ప్రయాణం చేసేది. దిగేముందు కాగితంలో చుట్టిన వేడి బన్ను ఒకటి గోతిలోకి అందించేది. ఆ వాసన నేరుగా పైకి, చుక్కాని గదిలోకి వచ్చేది. పధ్నాలుగేళ్లుగా సరంగు ఆ వాసన మీదే ఉన్నాడు.

ఇంటికెళ్తే అక్కడా అదే గోల. "మా మరిదిని చూడండి, ఎంత జాగ్రత్త మనిషో. మీరు పొయ్యి ఆపారో లేదో కూడా చూడరు" అనేది భార్య. సరంగు లేచి వెళ్లి పొయ్యి చూసేవాడు. ఆపే ఉండేది. అది ఇంకా ఒళ్లు మండించేది.

వీటన్నిటికంటే అవమానం రోజూ పొద్దున్నే జరిగేది. ఆ పనికో పద్ధతుంది. ఇంజను అయిదు నిమిషాలు నడపాలి. ఆపాలి. ఆయిలు కిందికి దిగేదాకా రెండు నిమిషాలు ఆగాలి. అప్పుడు పుల్ల మరలు విప్పి తీసి, తుడిచి, మళ్లీ మరలు బిగించకుండా ఊరికే ఆనించి, తీసి చూడాలి. పుల్ల మీద రెండు గీతలుంటాయి. వాటి మధ్య ఆయిలు తడి ఉంటే మంచిది. పై గీత దాటినా తప్పే, కింది గీతకి దిగినా తప్పే. ఇదంతా అయ్యాక బాబాయి మూతలోంచి తలా చెయ్యీ పైకి పెట్టి, పుల్ల నిలబెట్టి, పడవ ఆ చివరున్న చుక్కాని గది వైపు తిరిగి కేకేసేవాడు.

"అన్నయ్యా, ఎంతుందో చెప్పు."

పడవనిండా జనం. అందరూ సరంగు వైపు తిరిగేవారు. మొదట్లో సరంగు దగ్గరికి వెళ్లి చూడబోయాడు. బాబాయి ఒప్పుకోలేదు. "నువ్వు ఇటొస్తే పడవ ఇటు ఒరుగుతుంది అన్నయ్యా. మట్టం మారిపోతుంది. అక్కడినుంచే చూడు" అన్నాడు. సరంగు కొంచెం భారీ మనిషి. జనం నవ్వారు. అప్పటినుంచీ ఆయన కదల్లేదు. పుల్ల మీది రెండు గీతలకీ బాబాయి తెల్లరంగు పూశాడు, అంతదూరానికి కనబడాలని.

"పై గీతకి ఒక నూలు కింద" అనేవాడు సరంగు. నూలంటే వడ్రంగుల లెక్కలో అంగుళానికి ఎనిమిదో వంతు. మొదటిరోజు అది నిజంగా చూసే చెప్పాడు. రెండో రోజూ అంతే ఉంది. గేర్‌బాక్సు ఆయిలు తాగేది కాదు, కారేది కాదు. నెలకోసారి బాబాయి చుక్కో రెండు చుక్కలో పోస్తాడు, అంతే. అందుకని ఏడాది తిరిగేసరికి సరంగు చూడ్డం మానేశాడు. కేక వినబడగానే గడియారం సరిచేసుకుంటూనో, టోపీ దులుపుకుంటూనో, "పై గీతకి ఒక నూలు కింద" అనేవాడు. బాబాయి "సరే అన్నయ్యా" అనేవాడు. పడవ నాలుగు నిమిషాలు ఆలస్యంగా కదిలేది. ఆ నాలుగు నిమిషాలూ సరంగు పళ్లు నూరుకునేవాడు.

అలా నూరుకుంటూ ఇంకో పధ్నాలుగేళ్లు గడిపేసేవాడేమో. కానీ కొత్త పడవొచ్చింది.

కంపెనీ రెండంతస్తుల పడవ కొన్నది. చుక్కాని గదికి మూడు వైపులా అద్దాలు, తిరిగే కుర్చీ. దాన్ని ఎవరికివ్వాలో నెలాఖరు శనివారం తేలుస్తామన్నారు. పనితీరు చూస్తారు, టైము తప్పకుండా నడిపారా లేదా చూస్తారు, డాక్టరు చేత పరీక్ష చేయిస్తారు. సరంగుకి యాభై ఎనిమిది. ఇప్పుడు రాకపోతే ఇంక రాదు. ఆ కుర్చీ ఆయనకి కలలో కూడా తిరిగింది.

సరిగ్గా అప్పుడే, శనివారం రెండువారాలుందనగా, ఎన్నడూ లేనిది పడవ రేవు మెట్టుకి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. బెంచీ మీది బుట్ట ఒకటి దొర్లింది, బేకరీ ఆవిడ రెండు కుట్లు జారవిడిచింది. ప్రవాహం ఈడ్చిందన్నాడు సరంగు. ఆ రోజు ప్రవాహమే లేదు.

మర్నాటినుంచి బాబాయి కొత్త వేషం మొదలుపెట్టాడు. ఇంజను నడుస్తుండగానే కిందనుంచి ఎక్కొచ్చి, చుక్కాని గదిలో సరంగు భుజం పక్కన నిలబడేవాడు. ఊరికే నిలబడితే బాగానే ఉండును. నోరు మూసుకునేవాడు కాదు. "అదిగో అన్నయ్యా, నీళ్ల మీద ఎర్ర పీపా. మన కుడివైపు వదిలేద్దాం. ఎంత ముద్దుగా ఉందో చూడు." "అదిగో చేపల పడవ, ముగ్గురున్నారు, ఎదురుగానే వస్తున్నారు." "మెట్టు వచ్చేసింది, ఇరవై గజాలు, పది గజాలు, ఆహా, ఏం ఆనించావన్నయ్యా." చిన్నపిల్లలకి బొమ్మల పుస్తకం చూపించినట్టు చూపించేవాడు. గది ఇద్దరికి చాలదు. సరంగు తెల్లకోటు కుడిమోచేతి మీద మొదటి ఆయిలు చార అప్పుడే పడింది.

సరంగు మనసులో లెక్కేశాడు. వీడు జనాన్ని తీసుకున్నాడు, బన్ను తీసుకున్నాడు, ఇంట్లో పేరు తీసుకున్నాడు. ఇప్పుడు చుక్కాని దగ్గరికొచ్చాడు. ఇంజనువాళ్లు పరీక్ష రాసి సరంగులైన సంగతులు ఆయనకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పుల్ల పట్టుకున్న చేతికి చుక్కాని ఎంత దూరం?

ఇంట్లో ఆ మాట చెబితే భార్య నవ్వి, ఇంకో మాటంది. "మీరు ఈ మధ్య పేపరు చేతులు చాపి చదువుతున్నారు. మా మరిది చెప్పాడు, ఒకసారి కళ్లు చూపించుకోమని." అంతే. సరంగు ఆ పూట భోంచెయ్యలేదు, రెండు రోజులు మాట్లాడలేదు. కళ్లద్దాలు పెట్టుకున్న సరంగుకి కొత్త పడవ ఎవడిస్తాడు? ఇదంతా వాడి ఎత్తు. వాడి నోటితో కాకుండా ఆవిడ నోటితో అనిపించాడు, అంతే తేడా.

ఆ కోపంలో ఆయన ఫిర్యాదు రాశాడు. మేనేజరుగారికి, ఒక పూర్తి పేజీ. రోజూ పొద్దున్నే అనవసరంగా, మళ్లీ మళ్లీ ఆయిలు చూడ్డం వల్ల పడవ నాలుగేసి నిమిషాలు ఆలస్యమవుతోందనీ, నిండు పడవలో సరంగుని నిలబెట్టి పాఠం అప్పగించినట్టు అప్పగించమనడం హోదాకి తగినట్టు లేదనీ, ఈ మనిషి అనుమతి లేకుండా చుక్కాని గదిలోకి వస్తున్నాడనీ, అతణ్ణి వేరే పడవకి మారిస్తే బాగుంటుందనీ రాశాడు. పెద్దక్షరాలతో రాశాడు. ఈ మధ్య అన్నీ పెద్దక్షరాలతోనే రాస్తున్నాడు, ఎందుకో ఆయనకే తెలియదు. గురువారం పొద్దున్న తానే వచ్చి చూస్తానని మేనేజరుగారు కబురు పంపాడు.

గురువారానికి ముందు బుధవారం వచ్చింది. ఆ బుధవారమే అసలు ముచ్చట.

పొద్దున్నే బాబాయి వచ్చి, ఒక స్పేరు పార్టు తేవాలి, అవతలి రేవుకెళ్తున్నానన్నాడు. ఎవరిదో సరుకు పడవలో వెళ్లి, ఎనిమిది గంటల పడవ వేళకి తిరిగొస్తాడట. పధ్నాలుగేళ్లలో పడవ విడిచి వెళ్లడం అదే మొదటిసారి. మెట్లెక్కినవాడు మళ్లీ దిగొచ్చి, "నేనొచ్చేదాకా పుల్ల ముట్టుకోకు అన్నయ్యా. నిన్న సాయంత్రం చూసే ఉంచాను" అన్నాడు.

ముట్టుకోవద్దనకుండా ఉంటే సరంగుకి ఆ ఆలోచనే వచ్చేది కాదు. అన్నాడు కాబట్టి వచ్చింది. ఆ పుల్లలో ఏం బ్రహ్మవిద్య ఉంది? జనం చూస్తుండగా తానే చూసి చూపిస్తే, ఈ తంతు రెండు నిమిషాల పనని అందరికీ తెలిసొస్తుంది. రేపు మేనేజరుగారికి చెప్పుకోవడానికీ బాగుంటుంది.

జనం ఎక్కారు. పడవ ఇంకా రేవుకి తాళ్లతో కట్టే ఉంది. సరంగు ఇంజను అయిదు నిమిషాలు నడిపి, ఆపి, రెండు నిమిషాలు గడియారం చూసి, గోతిలోకి దిగాడు. దిగడం అంటే ముందు కాళ్లు దిగాయి, తర్వాత కోటు పైనే ఉండిపోయింది, తర్వాత ఇద్దరు భుజాలు పట్టుకుని నొక్కితే మిగతా మనిషి దిగాడు. పుల్ల విప్పాడు. జేబులోంచి ఉతికిన చేతిరుమాలు తీసి, తుడవడం అంటే ఇదీ అన్నట్టు అందరికీ కనబడేలా తుడిచాడు. మరలు బిగించకుండా ఆనించాడు. తీశాడు. చూశాడు.

గీతలు లేవు.

పుల్ల ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చెయ్యి చాపి దూరంగా పెట్టాడు. మధ్యలో ఎక్కడైనా దొరుకుతాయేమోనని మెల్లగా ముందుకీ వెనక్కీ జరిపాడు. పుల్ల ఉంది, మెరుస్తోంది, అంతే. గీతలూ లేవు, తడీ లేదు. అంటే ఆయిలే లేదు.

ఆ క్షణంలో సరంగుకి భయం వెయ్యలేదు. నిజం చెప్పాలంటే ఆయన మనసు గాల్లో తేలింది. రోజూ మళ్లీ మళ్లీ చూసినవాడు, ఆఖరికి చుక్క లేకుండా వదిలేసి స్పేరు పార్టని షికారు వెళ్లాడు. పడవని కాపాడింది ఎవరు? గోతిలోంచి తల పైకి పెట్టి ఆ మాటే అందరికీ ప్రకటించాడు, గొంతు గంభీరంగా పెట్టి. డబ్బా అందుకుని, ఉన్నదంతా పోసేశాడు. మళ్లీ ముంచి చూశాడు. గీతలు ఇంకా కనబడలేదు గానీ, డబ్బా ఖాళీ అయింది కాబట్టి చాలనుకున్నాడు.

పైకొచ్చి ఇంజను నడిపి, తాళ్లు కట్టి ఉండగానే గేరు వేసి చూశాడు. పది లెక్కపెట్టేలోపు కింద ఏదో బుడబుడమంది. సరంగు వెళ్లి మూత మీదికి వంగాడు. గేర్‌బాక్సు నెత్తిన గాలి పోవడానికి చిన్న గొట్టం ఉంటుంది. నిండా నిండిన ఆయిలుని లోపల పళ్ల చక్రాలు కవ్వంలా చిలికాయి. ఆ గొట్టంలోంచి తేనెరంగు నురగ చిమ్మింది. కోటు, టోపీ, ఉతికిన చేతిరుమాలు, ఏదీ మిగల్లేదు. ఎవరో పరుగున వెళ్లి ఇంజను ఆపారు.

సరంగు మీసాల చివరనుంచి నురగ జారుతోంది. బేకరీ ఆవిడ అల్లిక ఒళ్లో పెట్టుకుని, గోతి అంచున పడున్న పుల్ల చేతిలోకి తీసుకుంది.

"ఎందుకు పోశారండీ అంత? మీరు మొదటిసారి తీసినప్పుడే చూశాను. పై గీతకి కొంచెం కిందే ఉంది."

"గీతలేవీ? గీతలు చెరిపేశాడు" అన్నాడు సరంగు.

"ఇవిగో." ఆవిడ పుల్ల ఆయన ముఖం ముందు పెట్టింది. "తెల్లగా, రెండు. నా బెంచీ మీదికే కనబడుతున్నాయి."

సరంగు చూశాడు. పక్కనున్న పోస్టుమాను వైపు చూశాడు. అతను తలొంచుకున్నాడు. వెనకాల కూర్చున్న ముసలాయన కూడా, ఉన్నాయి బాబూ అన్నట్టు రెండు వేళ్లు చూపించాడు. పడవ మొత్తానికి కనబడుతున్న గీతలు పడవ నడిపేవాడికి కనబడడం లేదు.

బేకరీ ఆవిడది మెత్తటి మనసే గానీ నోట్లో మాట దాగదు. "ఎవరికీ చెప్పొద్దన్నాడు బాబాయి. ఇంక దాచి ఏం లాభం. పడవ మెట్టుకి తగిలిన మర్నాడు ఆయన మీకు చూపించింది పుల్ల కాదండీ. నా అల్లిక సూది. మీరు పై గీతకి ఒక నూలు కింద అన్నారు. ఆ మర్నాడు చెంచా. తర్వాత పళ్లు తోముకునే బ్రష్షు. అన్నిటికీ నూలు కిందే అన్నారు. బ్రష్షు రోజున నాకు నవ్వొచ్చింది గానీ ఆయన నవ్వలేదు. గోతిలో కూర్చుని బన్ను కూడా తినలేదు."

సరంగు మెట్టు మీద చతికిలబడ్డాడు. పదిరోజులుగా భుజం పక్కన నిలబడి ఎర్ర పీపా, చేపల పడవ అంటూ వాగుతున్న మనిషి ఎందుకు వాగాడో, నురగలో తడిసిన బుర్రకి ఒక్కొక్క మాటా ఎక్కుతోంది. ఆ పదిరోజులూ పడవ నడిపింది తన చేతులు. కళ్లు వాడివి. దానికి వాడికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పైగా తాను ఒక పేజీ ఫిర్యాదు రాశాడు, పెద్దక్షరాలతో.

సరిగ్గా అప్పుడు సరుకు పడవ వచ్చి ఆనింది. అందులోంచి బాబాయి దిగాడు. ఆయన వెనకే చేతిలో నల్లపెట్టె పట్టుకున్న సన్నటి మనిషి దిగాడు. అవతలి రేవులో కళ్లద్దాల షాపాయన. పదిరోజులుగా ఊళ్లో లేడు, ముందురోజు రాత్రే వచ్చాడు.

బాబాయి పడవ చూశాడు, నురగ చూశాడు, సరంగుని చూశాడు. ఏం జరిగిందని అడగలేదు. దగ్గరికొచ్చి, సరంగు చెవి వెనకనుంచి కొంచెం ఆయిలు వేలితో తీసి, రుద్ది చూసి, "నీళ్లు కలవలేదు. మంచి ఆయిలే" అన్నాడు. తర్వాత షాపాయన్ని ముందుకి తోశాడు.

"ఇదిగో అన్నయ్యా, స్పేరు పార్టు."

మామూలు రోజైతే సరంగు ఆ పెట్టెని నీళ్లలో విసిరేసేవాడు. ఆ రోజు ఒంటినిండా ఆయిలుతో ఉన్నాడు కాబట్టి, ఏ కోణంలో కూర్చున్నా హోదా మిగలదు కాబట్టి, అలాగే కూర్చున్నాడు. ఎనిమిది గంటల పడవ ఆ రోజు తొమ్మిదిన్నరకి కదిలింది. ఒక పక్క బాబాయి ఎక్కువైన ఆయిలు లోటాతో తోడి డబ్బాలో పోస్తుంటే, ఇంకో పక్క షాపాయన సరంగు ముక్కు మీద అద్దాలు మారుస్తూ, ఇది బాగుందా, ఇంతకుముందుది బాగుందా అని అడిగాడు. ఒక అద్దం దగ్గర సరంగు ఆగిపోయాడు. చాలాసేపు అవతలి ఒడ్డు చూశాడు. "అక్కడ చెట్లకి విడివిడిగా ఆకులున్నాయి" అన్నాడు నెమ్మదిగా. షాపాయన ఆ అద్దం నంబరు రాసుకోబోయాడు. "రాయకండి. తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడండి" అంది గోతిలోంచి ఒక గొంతు. తుడవడానికి గుడ్డ కూడా అందించింది. అది షాపాయన కండువానే.

కళ్లద్దాలు ఆ సాయంత్రానికే వచ్చాయి. శనివారం డాక్టరు పెట్టిన అట్ట మీద సరంగు అక్షరాలన్నీ చదివి, ఇంకా కింద చీమతలంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివాడు. కళ్లద్దాలతో చూడొచ్చని అసలు నిబంధనల్లోనే ఉందట, ఆయనే ఎన్నడూ చదవలేదు. చదవాలన్నా కనబడేది కాదు. కొత్త పడవ ఇచ్చారు. కుర్చీ తిరుగుతుంది. ఇంజను గదిలోకి ఎవరు కావాలని అడిగితే సరంగు చెప్పిన పేరు మీకు తెలుసు. అయితే చెప్పాక కూడా ఆయన కడుపుమంట పూర్తిగా చల్లారలేదు. కొత్త పడవలో మొదటిరోజు బన్ను వాసన మళ్లీ పైకొచ్చింది. ఆయన కిందికి వంగి, "తమ్ముడూ, ఒకటేనా ఇచ్చింది?" అని అడిగాడు. సగం పైకొచ్చింది, ఆయిలు వేలిముద్రలతో సహా. బాగానే ఉందట.

కానీ ఇదంతా శనివారమూ, ఆ తర్వాతా. గురువారం సంగతి చెప్పాలి.

గురువారం పొద్దున్న ఎనిమిదికి అయిదు నిమిషాలుందనగా మేనేజరుగారు వచ్చాడు, చేతిలో ఫిర్యాదు కాగితంతో. సరంగు కొత్త కళ్లద్దాల్లోంచి దాన్ని రేవు మొదట్లోనే గుర్తుపట్టాడు. ముందురోజు వరకూ ఆయనకి అది అంతదూరాన కనబడి ఉండేది కాదు. కనబడకుండా ఉంటేనే నయమనుకున్నాడు. రాత్రంతా ఆ కాగితం ఎలా వెనక్కి తీసుకోవాలా అని దొర్లాడు. ఇప్పుడు మేనేజరుగారు దాన్ని బాబాయి ముందే చదువుతాడు. అడ్డుపడి, తొందరపడ్డానండీ అని చెప్పబోయాడు.

ఇంతలో మూతలోంచి తలా చెయ్యీ పైకొచ్చాయి. "అన్నయ్యా, ఎంతుందో చెప్పు."

సరంగు చూశాడు. ఎన్నో ఏళ్ల తర్వాత నిజంగా చూశాడు. రెండు గీతలు, వాటి మధ్య తేనెరంగు తడి, తడి చివర సన్నటి మెరుపు. "పై గీతకి..." అని అలవాటుగా మొదలుపెట్టి ఆగాడు. "కాదు. రెండు నూళ్లు కింద. నిన్న ఎక్కువ తోడేశావు తమ్ముడూ."

బాబాయి పుల్ల వైపు చూసుకున్నాడు. మళ్లీ సరంగు వైపు చూశాడు. ఆ నల్లటి ముఖంలో పళ్లన్నీ కనబడ్డాయి. "రెండే" అన్నాడు. "సరిగ్గా రెండే." పక్క బెంచీ మీద బేకరీ ఆవిడ ముక్కు చీదుకుంది, దుమ్మనుకుంటాను.

మేనేజరుగారికి ఇదేం అర్థం కాలేదు. ఆయనొచ్చిన పని వేరు. మూత దగ్గరికి వెళ్లి, కాగితం విప్పి, గొంతు సవరించుకున్నాడు. రోజూ పొద్దున్నే అనవసరంగా మళ్లీ మళ్లీ ఆయిలు చూసి పడవ ఆలస్యం చేస్తున్నావని, సరంగు గారి మాట వినకుండా చుక్కాని గదిలోకి వెళ్తున్నావని మీ సరంగు గారే రాసిచ్చాడు, దీనికేమంటావని అడిగాడు. సరంగు టోపీ తీసి చేతిలో నలపడం మొదలుపెట్టాడు. వాడిప్పుడు నిజం చెబితే, అల్లిక సూది దగ్గరనుంచి మొదలుపెడితే, కొత్త పడవా లేదు, పాత పడవా లేదు.

బాబాయి కాగితం ఇవ్వమన్నట్టు చెయ్యి చాపాడు. మేనేజరుగారు ఇచ్చాడు. బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, బాగా మందంగా ఉందని మెచ్చుకున్నట్టు తలాడించి, రెండుగా మడిచి, పుల్లని అందులో పెట్టి పైనుంచి కిందిదాకా శ్రద్ధగా తుడిచాడు. విప్పి, మళ్లీ ఇంకో మడత పెట్టి, ఇంకోసారి తుడిచాడు. అక్షరాలన్నీ తేనెరంగులో ఈదుతున్న కాగితాన్ని రెండు చేతులతో మర్యాదగా మేనేజరుగారికి తిరిగిచ్చాడు.

"మొదటిసారి వచ్చింది లెక్కలోకి రాదు సార్, తుడిచేశాను, మా అన్నయ్య చేత ఇంకోసారి రాయించి చూడండి."